దిగువ దారి

ఫజ్ర్ నమాజు ముగించుకొని నలుగురు మిత్రులం సైకిళ్లపై బయలుదేరాము. కొండగట్టు ఘాట్ ఎక్కి దిగి, జగిత్యాల మీదుగా ధర్మపురి వద్ద గోదావరిని చేరాలన్నది మా సంకల్పం.

ఎక్కడం కష్టమనిపించింది. దిగేటప్పుడు మాత్రం చక్రాలు వాటంతటవే పరుగెత్తసాగాయి. మలుపు వద్ద మాలో పెద్దవాడు ఆగి, "భాయ్, ఇక్కడ దిగి నడుద్దాం" అన్నాడు. 2018 సెప్టెంబరు 11న ఈ ఘాట్ రోడ్డులోనే బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. సైకిళ్లను నడిపించుకుంటూ మౌనంగా దిగాము.

వరిపొలాల నడుమ సాగి మధ్యాహ్నానికి గోదావరి ఒడ్డుకు చేరాము. వుజూ చేసి జుహర్ నమాజు చదివాము. దుఆలో ఆనాడు ఇల్లు చేరని ప్రయాణికుల కుటుంబాలు మనసులో మెదిలాయి. తిరుగు ప్రయాణానికి ముందు అందరం మరోసారి బ్రేకులు సరిచూసుకున్నాము. ఇంటివద్ద అమ్మలు ఎదురుచూస్తుంటారు కదా!