అడుగ నేర్చుట

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు అందఱికి నిచ్చు ఉచిత సవరణలు నిలిచినవి. విండోస్ 11 మా పాత కంప్యూటరున కెక్కదు. క్రొత్త యంత్రము కొనుటకు మావారి జీతము చాలదు. ఆ పాతదానిలోనే మా అమ్మ పాడగా నేను వ్రాసికొన్న మంగళహారతులున్నవి. కావున ముందు వానిని పెన్‌డ్రైవున దాచి, 1991లో ఫిన్లండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సును ఎక్కించితిని.

యంత్రము లేచెను గాని వైఫై రాలేదు. "ఇక అమ్మివేయుదము" అని మావారనిరి. విజయవాడలో ఈ విద్య నభ్యసించు పిల్లలకు "పనిచేయుటలేదు" అని మాత్రము వ్రాసితిని. ఒక చిన్నవాడు, "పిన్నిగారూ! రోగలక్షణములు చెప్పనిదే వైద్యుడేమి చేయును? ‘ఎల్ ఎస్ పి సి ఐ’ అని కొట్టి, వచ్చిన పంక్తులను ఉన్నవున్నట్లు పంపుడు" అనెను. చూడగా, ఆ వైఫై బిళ్లకు వలయు డ్రైవరును వేఱుగ దింపుకొనవలెనట. ఫోనును తీగతో తగిలించి ఇంటర్నెట్టు తెచ్చి దింపుకొంటిని. వైఫై వచ్చెను. ఆ పూటయే హారతులను పోతన పేరిటి ఫాంటులో చూచుకొని కన్నులు తుడుచుకొంటిని.

ప్రతిఫలమేమని యడుగగా, "మఱియొకరికి నేర్పుడు, చాలును" అనెను. మొన్న గుడివాడనుండి మా చెల్లెలు, "అక్కయ్యా, లినక్సు పనిచేయుటలేదు" అని వ్రాసినది. "వచ్చిన పంక్తులను ఉన్నవున్నట్లు పంపుము" అంటిని.