ఇరవయ్యో నెంబరు

తెలుగు ఎమ్మే చదివినవాడికి కంప్యూటర్ల నెంబర్లతో పనేమిటని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. కాకినాడలో మా కాలేజీ ఆఫీసులో 22 కంప్యూటర్లూ, 4 ప్రింటర్లూ ఉన్నాయి. వాటి నెంబర్ల పద్దు రాసేది నేనే. చేతిరాత బాగుంటుందని అంటగట్టారు లెండి.

ఈ నెంబరు సంగతి మనవాళ్లకు చెప్పడం తేలిక. 192.168.1.20 అని ఉందనుకోండి. మొదటి మూడు ముక్కలూ ఇంటిపేరు, చివరిది సొంతపేరు. తెలుగువాళ్లలాగే ఇంటిపేరే ముందు! ఆ ఇంటిపేరు మీద 1 నుంచి 254 దాకా పేర్లు పెట్టుకోవచ్చు. అయితే 1996 నాటి నిబంధన ప్రకారం 192.168 అన్నది లోపలి వాడకానికే. ఎవరి ఆఫీసులో వారు వాడుకోవచ్చు. మన గోదావరి వైపు ఇంటికో అబ్బులు, ఇంటికో బుజ్జి ఉండడం లేదూ? గడప లోపల పిలిస్తే పలుకుతారు. ఆ పేరుతో ఉత్తరం వేస్తే మాత్రం పోస్టుమాను ఎవరికివ్వాలి? అంచేత బయటికి వెళ్లేటప్పుడు అందరూ గుమ్మంలో ఉన్న రౌటరు పేరు మీదే వెళతారు. వచ్చిన జవాబులు ఎవరివి వారికి అదే పంచుతుంది. ఇలా సర్దుకోబట్టి సరిపోయింది గాని, ప్రపంచం మొత్తానికీ ఈ పాతరకం నెంబర్లు సుమారు 430 కోట్లే. మూలభాండారంలో మిగిలిన ఆఖరి వాటాలు 2011 ఫిబ్రవరిలోనే పంచేశారు.

కంప్యూటరు మేలుకోగానే రౌటరు ఖాళీగా ఉన్న నెంబరొకటి అద్దెకిస్తుంది. ప్రింటరుకి ఆ పద్ధతి కుదరదు. దాని చిరునామా మారిపోతూ ఉంటే కాగితాలు ఎక్కడికి పంపడం? అందుకని ఎవరో దానికి 20 అని చేత్తో ఖాయం చేశారు. రౌటరుకి ఆ ముక్క చెప్పినవాడు లేడు.

అది పరీక్ష ఫీజుకు ఆఖరి రోజు. సాయంత్రం నాలుగయింది. తాళ్లరేవు నుంచి వచ్చిన పిల్ల ఒకతె దరఖాస్తు కోసం నుంచుంది. ప్రింటరు ఒక కాగితం ఇస్తోంది, రెండోది మింగేస్తోంది. గుమాస్తాగారు దాని నెత్తిన రెండు మొట్టి, "ఇది పోయిందండి, ఆయ్. రేపు రమ్మనండి" అన్నారు. రేపంటే అపరాధ రుసుంతో గాని తీసుకోరు. ఆ పిల్ల చేతిలో నోట్లు మళ్లీ లెక్కపెట్టుకుంది.

ల్యాబు కుర్రాడొచ్చి ముందు ప్రింటరు తీగ పీకేశాడు. తరవాత కంప్యూటరులోంచి 20ని పిలిచాడు. పింగ్ అంటారు దాన్ని.

"చూడండి మాస్టారూ, ఇంకా పలుకుతోందండి!"

ప్రింటరు ఆరిపోయి ఉంటే పలికేదెవరు? ప్రతి యంత్రానికీ పుట్టుకతో వచ్చే పన్నెండక్షరాల గుర్తు ఒకటుంటుంది. ఆ గుర్తు పట్టుకుని బల్లబల్లా తిరిగితే, దొంగ లైబ్రరీ కౌంటరులోని కొత్త కంప్యూటరు. దొంగ అనడం అన్యాయం. పాపం, రౌటరు ఇచ్చిందే తీసుకుంది. దాన్ని ఆపాక, నాలుగూ నలభైకి కాగితం బయటికొచ్చింది. ఆ పిల్ల ఫీజు కట్టి బస్సుకి పరుగెత్తింది.

మర్నాడు కుర్రాడు 100 నుంచి 200 దాకానే అద్దెకివ్వమని రౌటరుకి హద్దు గీశాడు. కింది నెంబర్లు ప్రింటర్లకీ, హాజరు యంత్రానికీ. ఏది ఎవరిదో రాసి ఉండాలన్నాడు. పద్దు నా చేతికి అప్పుడొచ్చింది. కంప్యూటరులోనే దాచమన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. నెట్టు పడిపోయిన రోజునే కదా దాంతో అవసరం! బీరువాలో కాగితం పుస్తకమే పెట్టాను.

కిందటివారం కొత్త ప్రింటరు వచ్చింది. గుమాస్తాగారు పెట్టె విప్పకుండానే నా గదికి వచ్చి, "మాస్టారూ, దీనికి పేరు పెట్టండి" అన్నారు. 23 రాశాను.