దిగుదారి

అనంతగిరి గుట్టల మీద కురిసిన వానకు రెండు దారులున్నాయి. ఒకటి మూసీ, రెండోది ఈసీ. మూసీ వికారాబాద్, శంకర్‌పల్లి మీదుగా తిరిగి గండిపేట చెరువులో కలుస్తుంది. ఈసీ చేవెళ్ల, షాబాద్ పొలాల వైపు నుంచి వచ్చి హిమాయత్‌సాగర్ చేరుతుంది. ఈ రెండింటి నడుమ మిగిలిన మెట్టభూమి మీదుగా సాగుతుంది బీజాపూర్ రోడ్డు. మన్నెగూడ, చేవెళ్ల, కనకమామిడి, మొయినాబాద్ వరసగా దాని మీది మజిలీలు. విడిపోయిన రెండు నీళ్లూ చివరికి లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్‌లో కలుస్తాయి.

హిమాలయాల ఎత్తుల్లోని సరస్సులు చూడాలని అనుకున్న కనకమామిడి చుట్టుపక్కల మిత్రులం సాధనకు ఈ దారినే పట్టుకున్నాం. వీలైన ఆదివారాల్లో ముక్కలు ముక్కలుగా, అనంతగిరి నుంచి బాపూఘాట్ దాకా, నీళ్లు పోయే వైపే నడక. కొండలెక్కాల్సిన వాళ్లు పల్లానికి నడవడమేమిటని నవ్విన వాళ్లు లేకపోలేదు. కానీ ఈ నడకలోనే మాకు తేలిన సంగతి ఒకటుంది: కొండ ప్రయాణానికి ప్రణాళిక వేసేటప్పుడు మొదట రాసుకోవాల్సింది ఎలా ఎక్కుతామన్నది కాదు, ఎక్కడెక్కడ నుంచి ఎలా దిగగలమన్నది.

అనంతగిరిలో అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర మెట్లు దిగితే కోనేరు. మూసీ పుట్టుక ఇక్కడేనని భక్తుల నమ్మకం. సంచిలో నీళ్ల సీసాలు నింపుకొని ఆ మెట్లు ఎక్కి దిగాం. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి శ్రమ లేదనిపిస్తుంది. మర్నాడు పొద్దున మంచం దిగబోతే అప్పుడు తెలుస్తుంది తొడల సంగతి. దిగుడులో తొడ కండరం సాగుతూనే బరువు మోయాలి, అడుగడుగునా బ్రేకులా పనిచేయాలి. అలవాటు లేని కండరానికి అదే ఎక్కువ దెబ్బ. మేం తర్వాత ఎంచుకున్న కశ్మీర్ ట్రెక్‌లో ఆఖరి రోజు గంగాబల్ సరస్సు నుంచి నారానాగ్ వరకు ఒక్కరోజులో దాదాపు 1,300 మీటర్లు దిగాలి. మోకాళ్లు మొరాయించేది అక్కడే. అందుకే గుడి మెట్ల మీద మా లెక్క ఎక్కిన మెట్లది కాదు, దిగిన మెట్లది.

ఏ సరస్సుకు పోవాలన్నదీ అక్కడి చెట్ల కిందే తేల్చుకున్నాం. తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది రూప్‌కుండ్. ఐదు వేల మీటర్ల ఎత్తున, ఒడ్డున మనిషి ఎముకలున్న సరస్సు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న డీఎన్ఏ పరిశోధన 2019లో వెలువడింది. 38 మంది ఎముకలను పరీక్షిస్తే అందులో కొందరు దక్షిణాసియా వాళ్లు, కొందరు తూర్పు మధ్యధరా ప్రాంతం వాళ్లు అని తేలింది. అయితే 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ల మీద, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల మీద, రాత్రి మకాం నిషేధించాక ఆ దారి పాత పద్ధతిలో సాగడం లేదు. కాబట్టి సోనామార్గ్ దగ్గర మొదలై నారానాగ్‌లో ముగిసే కశ్మీర్ సరస్సుల దారి ఎంచుకున్నాం. విషన్‌సర్, కృష్ణసర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్, నుంద్‌కోల్ వరసగా వస్తాయి. మొత్తం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, వారం రోజుల పని. జూలై నుంచి సెప్టెంబరు సగం దాకా కాలం. జూలై మొదట్లో కనుమల మీద మంచు ఇంకా కరగకపోవచ్చు.

మన్నెగూడ దాటితే మర్రులు మొదలవుతాయి. ఇక్కడి నుంచి హైదరాబాద్ అంచున పోలీస్ అకాడమీ కూడలి దాకా సుమారు 46 కి.మీ. పొడవునా, రోడ్డుకు అటూ ఇటూ తొమ్మిది వందల పైచిలుకు మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు పనుల్లో వాటిని కాపాడాలని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఊడల నీడ చల్లగానే ఉంటుంది కానీ ఆ నీడలో నడవడం క్షేమమని చెప్పలేను. టిప్పర్లు వేగంగా వస్తాయి. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్న ఘోరం ఈ రోడ్డు మీదే జరిగింది. అందుకే వీలున్నచోటల్లా తారు వదిలి ఊళ్ల మధ్య మట్టిబాటలు పట్టాం. ప్రమాదమంటే కొండకొమ్మునే ఉంటుందని అనుకుంటాం. శ్రీనగర్ నుంచి సోనామార్గ్ దాకా వ్యాన్‌లో కూర్చునే గంటలనూ ఆ లెక్కలో వేసుకోవాలి. రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దన్నది మా ప్రణాళికలో మొదటి గీత.

చేవెళ్ల చుట్టూ కూరగాయల పొలాలు, పూలు పెంచే పాలీహౌస్‌లు. క్యారెట్ కాలంలో గట్ల మీద కుప్పలు పోసి మట్టి కడుగుతుంటారు. అక్కడ టీ తాగుతూ సంచుల బరువు తగ్గించుకున్నాం. ఎవరి సంచిలో చూసినా రెండేసి జీన్స్ ప్యాంట్లు, మూడు రకాల చిరుతిళ్లు. జీన్స్ తడిస్తే ఆరదు, చలికి బిగుసుకుపోతుంది. త్వరగా ఆరే ప్యాంట్లు రెండు, ఉన్ని మేజోళ్లు, వానకోటు, రాత్రికి మందపాటి జాకెట్, నుదుటికి కట్టుకునే దీపం, అప్పటికే కాలికి అలవాటైన బూట్లు. వీటికి మించినవన్నీ ఇంట్లోనే ఉండాలని తీర్మానం. గుర్తింపు కార్డు మాత్రం అసలుది కావాలి. ఆ దారిలో సైన్యం పోస్టులు ఉన్నాయి, తనిఖీ ఉంటుంది. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ అయినా సరస్సుల దగ్గర సిగ్నల్ ఆశ పెట్టుకోకూడదు. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత కశ్మీర్‌లో చాలా పర్యాటక స్థలాలను మూసి, విడతలుగా తెరిచారు. కాబట్టి దారి తెరిచి ఉందో లేదో తేలాకే బయానా.

కనకమామిడి దగ్గర ఆకుకూరల మడిలో పనిచేస్తున్న ఒక పెద్దావిడ మా సంచులు చూసి గట్టు మీదికొచ్చింది.

“ఏంది బిడ్డా, గిన్ని బస్సులుండంగ గీ మోత మోసుకుంట నడుసుడేంది?”

“హిమాలయాలకు పోతున్నమవ్వా. అక్కడ చెరువులున్నయట, చూసొద్దామని.”

“పోవుడు సరే. ఆడ పానం బాగలేకుంటే ఒచ్చుడెట్ల?”

ట్రెక్ కంపెనీల రంగురంగుల కాగితాలు ఎన్ని తిరగేసినా ఈ ప్రశ్న కనపడలేదు. ఆ సాయంత్రం పటం పరుచుకొని కూర్చున్నాం.

గండిపేట నిండితే నీటిమట్టం సముద్రం మీద 1,790 అడుగులు, అంటే దాదాపు 546 మీటర్లు. మా ఊపిరితిత్తులకు తెలిసిన గాలి ఈ ఎత్తుది. విషన్‌సర్ సుమారు 3,700 మీటర్లు. గడ్‌సర్ కనుమ సుమారు 4,200. అక్కడ గాలిలో ఆక్సిజన్ పాలు మారదు, గాలి ఒత్తిడే సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతానికి పడిపోతుంది. పీల్చిన ప్రతి శ్వాసలో అందేది ఆ మేరకు తక్కువ. ఈ లోటును శరీరం సర్దుకోవాలంటే రోజులు పట్టాలి. బీజాపూర్ రోడ్డు కాళ్లను తయారుచేస్తుంది, రక్తాన్ని తయారుచేయలేదు. ఎంత గట్టి నడకగాడికైనా ఇది తప్పదు. పైగా గట్టివాళ్లే తొందరపడి ముందు పడిపోతుంటారు.

మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యులు చెప్పే సూత్రం. సోనామార్గ్ సుమారు 2,700, తొలి మకాం నిచ్‌నై సుమారు 3,500. మొదటి రోజే సూత్రం తప్పుతోంది. విమానంలో హైదరాబాద్ నుంచి దిగిన మర్నాడే నడక మొదలుపెడితే ఇంకా తప్పు. అందుకని శ్రీనగర్‌లో ఒక రాత్రి, సోనామార్గ్‌లో రెండు రాత్రులు కలిపాం. ఖర్చు పెరిగింది. సెలవూ పెరిగింది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం కొండజబ్బుకు తొలి గుర్తులు. అవి కనిపిస్తే ఆ ఎత్తులోనే ఆగాలి. ముదిరి, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే దిగాలి. డయామాక్స్ మాత్ర డాక్టరు చెబితేనే, అదీ దిగుడుకు బదులు కాదు.

ఇక పెద్దావిడ ప్రశ్న. నిచ్‌నైలో జబ్బుపడితే వచ్చిన దారినే సోనామార్గ్‌కు దిగొచ్చు. గంగాబల్ దగ్గరైతే నారానాగ్‌కు దిగొచ్చు. మధ్యలో విషన్‌సర్, గడ్‌సర్ దగ్గర? విషన్‌సర్ చుట్టూ నీళ్లు కిషన్‌గంగగా మారి గురేజ్ వైపు పారి, నియంత్రణ రేఖ దాటి పోతాయి. నీళ్లకు పల్లం ఉంది, కానీ ట్రెక్ బృందాలు పోయే దారి అటు కాదు. వెనక్కి రావాలంటే 4,100 మీటర్ల నిచ్‌నై కనుమ, ముందుకు పోవాలంటే గడ్‌సర్ కనుమ. అంటే ఈ దారిలో సగం చోట్ల దిగాలంటే ముందు ఎక్కాలి. విషన్‌సర్ మకాంలో ఒక అదనపు రోజు ఎందుకుండాలో అప్పుడు అర్థమైంది. గడ్‌సర్ కనుమ ఎక్కే ముందు అందరూ బాగున్నారో లేదో తేల్చుకోవాల్సిన ఆఖరి చోటు అదే.

మొయినాబాద్ దాటి కుడికి దిగితే హిమాయత్‌సాగర్, ఎడమకు పోతే చిలుకూరు, గండిపేట. చిలుకూరు బాలాజీకి మొక్కేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూటెనిమిది. మా బృందంలో ఒకరు పదకొండు ముందే పూర్తిచేశారు. దేవుడి మీద భారం వేసినా గైడ్‌ను ఎంచుకునే భారం మనదే. ఒక్కో గైడ్‌కు ఎంతమంది? ఆక్సిజన్ సిలిండర్ వెంట ఉంటుందా? గుర్రాలవాళ్లకు కూలీ, బీమా ఉన్నాయా? మా బీమా ఆ ఎత్తుకు వర్తిస్తుందా? ఇవన్నీ రాతపూర్వకంగా అడిగాం. అన్నింటికంటే ముఖ్యమైనది వేరే ఉంది: వాతావరణం చెడినా, ఒకరు జబ్బుపడినా వెనక్కి తిప్పే మాట ఎవరిది? గైడ్‌దే అని మేమూ సంతకం పెట్టాలి. వెనక్కి తిప్పితే డబ్బు వాపసిమ్మని పేచీ పెట్టమని కూడా. ఆ పేచీ భయంతోనే గైడ్లు కనుమ మీదికి జనాన్ని తోలుకుపోతుంటారు.

గండిపేట, హిమాయత్‌సాగర్ పుట్టింది కూడా ఒక ప్రళయం నుంచే. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1996లో వచ్చిన 111 జీవో ఈ రెండు చెరువులకు నీళ్లిచ్చే నేల కోసం 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసింది. 2022లో ఆ ఆంక్షలను సడలించారు. చెరువు ఎప్పుడూ దాని కట్ట దగ్గర మాత్రమే ఉండదు, వాన పడే ఊళ్లన్నిటిలోనూ ఉంటుంది.

గేట్లెత్తితే కింద ఉన్నవాళ్లకు ముందే చెప్పాలి. ఈ మాట తెలుగువాళ్లు మరిచిపోలేరు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్ల వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు లార్జీ డ్యామ్ వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి బండ మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లదాఖ్ దాకా సాగింది. ఒక చోట నెలల తరబడి నేర్పినవాళ్లున్నారు. మరో చోట నీళ్లొస్తున్నాయని సరైన హెచ్చరిక లేదు. హిమానీనదాల వాగులు ఎండకు మంచు కరిగి మధ్యాహ్నం ఉరుకుతాయి. కాబట్టి వాగు దాటే పనులన్నీ పొద్దున్నే పెట్టుకున్నాం, ఫొటో కోసం ప్రవాహంలోకి దిగేది లేదు.

బాపూఘాట్‌లో మూసీ, ఈసీ కలుస్తాయి. 1948లో గాంధీజీ అస్థికలు ఇక్కడ కలిపారు. అదే ఏడు కేదార్‌నాథ్ పైన చోరాబారి సరస్సులోనూ కలిపారు కాబట్టి దాన్ని గాంధీ సరోవర్ అంటారు. 2013 జూన్ 17 పొద్దున కుంభవృష్టికి ఆ సరస్సు గట్టు తెగి కేదార్‌నాథ్ మీద పడింది. సరస్సు అందంగా ఉందంటే భద్రంగా ఉందని కాదు. వాగుకు ఆనుకొని డేరా వేయకుండా, ఎత్తైన మిట్ట మీద వేయాలన్న షరతు అందుకే రాసుకున్నాం.

మా కశ్మీర్ సరస్సులకూ ఇలాంటి కలయిక ఉంది. విషన్‌సర్ నీళ్లు కిషన్‌గంగగా ఉత్తరానికి పోతాయి. గంగాబల్ నీళ్లు నుంద్‌కోల్, వాంగత్, సింధ్ వాగుల మీదుగా దక్షిణానికి దిగి జీలంలో పడతాయి. కిషన్‌గంగ కూడా ముజఫరాబాద్ దగ్గర ఆ జీలంలోనే చేరుతుంది. నీళ్లు ఏ కనుమకు అటు పడ్డా ఇటు పడ్డా చివరికి దారి కనుక్కుంటాయి. మనుషులకు ఆ వెసులుబాటు లేదు, ముందే కనుక్కొని పెట్టుకోవాలి.

మా ప్రణాళిక కాగితంలో ఇప్పుడు ప్రతి మకాం పేరు పక్కన మూడు గడులున్నాయి. అక్కడి నుంచి దగ్గరి మోటారు రోడ్డు ఏది, దానికి చేరాలంటే మధ్యలో కనుమ ఉందా, నడవలేని మనిషిని గుర్రం మీద దించడానికి ఎన్ని గంటలు. గైడ్ ఈ మూడూ తడుముకోకుండా నింపితేనే మిగతా డబ్బు కడతాం. నింపలేకపోతే ఇంకో గైడ్‌ను చూసుకుంటాం. కాలం దాటిపోతే మరుసటి ఏడు పోతాం, గంగాబల్ ఎక్కడికీ పోదు.