మాటలు లేని విలాపం

దుఃఖానికి మాట చాలని వేళ ఒకటి ఉంటుందని భాషాబోధకులమైన మాకు తెలిపినది జాన్ కోల్ట్రేన్ శాక్సోఫోన్. 1926లో అమెరికాలోని నార్త్ కరొలినాలో జన్మించిన ఈ నల్లజాతి జాజ్ విద్వాంసుడు 1957లో మాదకద్రవ్య వ్యసనాన్ని జయించి, తన కళను దైవారాధనగా మలచుకున్నారు.

1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరాన, ఒక నల్లజాతివారి చర్చిలో జాతివిద్వేషులు పెట్టిన బాంబుకు నలుగురు బాలికలు బలియైనారు. రెండు నెలల పిదప ఆయన ‘అలబామా’ రికార్డు చేశారు. అందులో నింద లేదు, నినాదం లేదు, ఒక్క పదమైనా లేదు. ఆ నాదం శోకిస్తుంది, తలవంచదు.

పండిత రవిశంకర్‌పై గౌరవంతో కుమారునికి రవి అని పేరిడి, 1967లో నలుబది యేండ్లకే ఆయన కన్నుమూశారు. ఆ రవియూ శాక్సోఫోన్ విద్వాంసుడే అయినాడు.

విద్యార్థి మిత్రులారా! కావ్యాలలో కరుణరసాన్ని వెదకే మనము, అక్షరం లేని ఈ కావ్యాన్నీ ఒకమారు వినవలెను.