కడపలో చూసేందుకేముంది మామా?

ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాడు మనవాడే అయితే ఇంకా మండుతుంది. ఇంగ్లండులో, కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చిన మా మేనల్లుడు మొన్న మా ఇంటికొచ్చి, ఫోనులో ఫొటోలన్నీ చూపించి, కాఫీ తాగి, తీరుబడిగా ఈ మాట అడిగాడు.

ఫొటోలు బాగానే ఉన్నాయి, అబద్ధమెందుకు? 1446లో పునాదిరాయి వేసిన కింగ్స్ కాలేజీ ప్రార్థనామందిరం. దాని రాతికప్పు చూస్తుంటే మెడ నొప్పి పుట్టినా కళ్లు దిగవు. కామ్ నదిలో పొడుగాటి గెడతో నెట్టే పడవలు. ట్రినిటీ కాలేజీ గేటు పక్కన ఒక ఆపిల్ చెట్టు. న్యూటన్ ఇంటి పెరట్లో ఉన్న చెట్టుకు అది సంతానమట. జనం దాని ముందు వంతులేసుకుని ఫొటోలు దిగుతారట. మన రామానుజన్ 1914లో చేరిన కాలేజీ అదే కదరా అంటే, "అవును మామా, అక్కడ కూడా దిగినా" అన్నాడు.

నాకు వాళ్ల మీద కోపం లేదు. ఉన్నదంతా అసూయే. కాయలు కాసే చెట్టుకు కూడా ఒక కథ చెప్పి మనిషిని నిలబెట్టగలిగారు. మన దగ్గర కథ ఉంది, స్థలం ఉంది, నిలబడేవాడే లేడు.

"నువ్వు చదివిన ఊర్లోనే బ్రౌన్ దొర నాయన డేవిడ్ బ్రౌన్ కూడా చదివినాడు, తెలుసునా?" అన్నాను. తెలియదు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, ఆ ఊర్లో ఎవరూ చెప్పి ఉండరు. కానీ కడపలో పుట్టిన వాళ్లమ్మ కూడా చెప్పలేదు, అదీ నా బాధ.

ఆ డేవిడ్ కొడుకే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టి, ఇంగ్లండులోని హెయిలీబరీలో కంపెనీ కొలువు చదువు చదివి, 1817లో మద్రాసులో దిగి, 1820లో కడపకొచ్చాడు. వచ్చినవాడు ఎండకు తిట్టుకుంటూ బదిలీ కోసం అర్జీలు పెట్టుకోవచ్చు. అలా కాకుండా ఇక్కడొక బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి చదివించడం, పాఠాలు పోల్చి తప్పులు ఏరడం, శుద్ధప్రతి రాయించడం, ఇదీ అక్కడి పని. ఆ బంగళాకు బ్రౌన్ కాలేజీ అని పేరు పడింది. అలాంటి కాలేజీ కేంబ్రిడ్జిలోనూ ఉండదు. అందులో విద్యార్థి ఒక్కడే, ఫీజు కట్టేది వాడే, అయ్యవార్లకు జీతాలిచ్చేదీ వాడే, అప్పులపాలైందీ వాడే. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి, 1852లో నిఘంటువు వచ్చింది. ఈరోజుకీ తెలుగు మాట మీద అనుమానమొస్తే మనం తెరిచేది ఆ నిఘంటువునే.

కాలం గడిచి ఆ బంగళా మొండిగోడలైంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, గడప గడపా ఎక్కి దిగి, అక్కడ గ్రంథాలయం నిలబెట్టారు. ఎర్రముక్కపల్లెలో ఉంది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. వేమనను అచ్చువేసినవాడి గ్రంథాలయం వేమన పేరున్న విశ్వవిద్యాలయానికి దక్కడం, కావాలని కట్టినా ఇంత బాగా కుదరదు.

తాటాకు గ్రంథాన్ని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పైన ఒక చెక్క, కింద ఒక చెక్క, మధ్య రంధ్రంలోంచి దారం. ఆకు తీసి చూస్తే ముందు ఏమీ కనబడదు. గంటంతో గీసిన గీతలు ఆకు రంగులోనే కలిసిపోయి ఉంటాయి. మసి పూసి తుడిస్తే, గాట్లలో నలుపు నిలిచి, అక్షరాలు వరసగా పైకి లేస్తాయి. దీని ముందు ఆపిల్ చెట్టు ఎంత?

ఇంతకీ మనం చుట్టాలకు చూపించేదేమిటి? పొద్దున దేవుని కడప. ఉగాది నాడు ముస్లింలు కూడా వచ్చి మొక్కే గుడి, చూడాల్సిందే. తరువాత పెద్ద దర్గా, అదీ చూడాల్సిందే. కారు ఉంటే ఒంటిమిట్ట, గండికోట. మధ్యలో కారం దోశ. దాని విషయంలో మాత్రం మనకు బద్ధకం లేదు. పెనం మీద దోశ పొంగుతుండగానే ఎర్రకారం అంచుల దాకా పూసి, పప్పుల పొడి చల్లి, బొంబాయి చట్నీతో ఆకులో పెడితే, ఎంతటి విదేశీ డిగ్రీవాడైనా ముక్కు తుడుచుకుంటూ రెండోది అడుగుతాడు. పొడి ముందా, కారం ముందా అన్నదాని మీద మా వీధిలో రెండు పక్షాలున్నాయి. నేను కారం పక్షం. పొడి ముందు వేస్తే దోశ మెత్తబడి, అంచు కరకర పోతుంది, ఇది వాదించాల్సిన విషయమే కాదు.

ఉన్నదాన్ని చూపించుకోలేని బద్ధకంలో కర్నూలు వాళ్లేమీ తీసిపోలేదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, డేరాల్లో ఆఫీసులు నడిపిన ఊరు. 1947లోనే ఉస్మానియా కాలేజీ పెట్టుకున్న ఊరు. అడిగితే మాత్రం కొండారెడ్డి బురుజు చూపించి, కింద సొరంగముందట అని చెప్పి ఊరుకుంటారు.

మా మేనల్లుడు దోశలు తిని, బస్సెక్కి పోయాడు. గ్రంథాలయానికి టైము లేదన్నాడు. మీ ఇంటికి ఈ సెలవుల్లో ఎవరైనా పిల్లలొస్తే, దోశ తరువాత పెట్టండి, ముందు ఎర్రముక్కపల్లె తీసుకుపోండి.