సీతాఫల్‌మండిలో ఇంకో వంటలక్క

సికిందరాబాదులో ఫలక్‌నుమా వైపు వెళ్ళే ఎం.ఎం.టి.ఎస్. బండి ఎక్కి, సీటు దొరికిందని సంబరపడి, జేబురుమాలు తీసి ముఖం తుడుచుకునే లోపే వచ్చేసే స్టేషన్ సీతాఫల్‌మండి. 2003లో ఈ లోకల్ బళ్ళు మొదలైన దగ్గర్నుంచీ ఎంతోమంది కిటికీలోంచి ఆ బోర్డు చూసి, పేరు బాగుందే అనుకుని, అలాగే ఆర్ట్స్ కాలేజీకో కాచిగూడకో వెళ్ళిపోతూ ఉంటారు. ఊళ్ళోవాళ్ళు తప్ప బయటివాళ్ళు దిగడం తక్కువే. నేను దిగాను. పళ్ళ కోసం కాదు సుమండీ, కథల కోసం!

అన్నట్టు, పళ్ళ సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. సీతాఫలం మన పండు కాదు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల చెట్టు అది. పోర్చుగీసువాళ్ళ ఓడల కాలంలో మన దేశానికి వచ్చిందంటారు. వచ్చిన పండుకి మనవాళ్ళు ఊరికే ఉండకుండా సీతమ్మవారి పేరు పెట్టేశారు. దాని చుట్టానికి రామాఫలం అని పేరు. సీతారాములు వనవాసంలో తిన్న పండ్లివి అని మా అమ్మమ్మ ప్రమాణం చేసి మరీ చెప్పేది. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ సీతాఫలం ఇవాళ దేశమంతా పేరున్న రకం. చూశారా, వాల్మీకి రాయని ముక్క ఒకటి జనం రాసుకున్నారు, ఆ ముక్క మీద ఒక పేట పేరే నిలబడింది!

జనానికి ఇది పాత అలవాటే. లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు అడవిలో ఉంటే ఇంట్లో ఊర్మిళ ఏం చేసింది? వాల్మీకి మహర్షికి ఆ ప్రశ్న తట్టలేదు. మన తెలుగిళ్ళ ఆడవాళ్ళకి తట్టింది. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అని పాట కట్టుకుని తరతరాలుగా పాడుకున్నారు. అంత దూరం ఎందుకు, మనమందరం నెత్తిన పెట్టుకునే ‘మాయాబజార్’ (1957) సంగతే చూడండి. వ్యాసులవారి భారతంలో అభిమన్యుడి పెళ్ళాం ఉత్తర. శశిరేఖ అనే అమ్మాయి అందులో ఎక్కడా లేదు. ఎవరో మహానుభావులు ‘అలా కాకుండా ఇలా జరిగుంటే’ అనుకోబట్టే మనకి శశిరేఖ దక్కింది, సావిత్రిగారి వేషంలో ఘటోత్కచుడి ఠీవి చూసే భాగ్యమూ దక్కింది.

ఇంతకీ సీతాఫల్‌మండికి ఎందుకు వెళ్ళానంటే, నాతో అప్పుడప్పుడూ పనిచేసే ఒక ఫొటోగ్రాఫర్ ఉండేది అక్కడే. ఓ రోజు ఛాయ్ తాగుతూ, “మా గల్లీలో వంటలక్క టీవీల వచ్చే వంటలక్క కాదన్నా, వేరే” అన్నాడు. అర్థం కాలేదు. “మా దగ్గర ఒకామె సొంతంగ రాస్తది. ఇంకో పిలగాడు వీడియోలు చేస్తడు. వచ్చి చూడు” అన్నాడు.

మన పత్రిక పాఠకుల్లో సీరియళ్ళంటే ముఖం చిట్లించేవాళ్ళున్నారని నాకు తెలుసు. సాగదీత, ఏడుపులు, మూడుసార్లు తల తిప్పితే మూడుసార్లు ఉరుములు! కాదనను. కానీ ‘కార్తీకదీపం’ 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. ఆ ఐదేళ్ళూ సాయంత్రం ఏడున్నరకి ఎన్ని ఇళ్ళల్లో కూర పొయ్యి మీద మాడిందో లెక్కలేదు. కొత్త సినిమా మూడు వారాలు ఆడితే పండగ చేసుకునే ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ముందు వీడియోల కుర్రాడి దగ్గరికి వెళ్ళాం. మెయిన్ రోడ్డు మీద సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పని. డిగ్రీ అయింది. వాళ్ళక్క ‘గుప్పెడంత మనసు’కి వీరాభిమాని. 2020 డిసెంబరులో మొదలైన ఆ సీరియల్లో రిషి, వసుధార జంటకి అభిమానులు రెండు పేర్లూ కలిపేసి ‘రిషిధార’ అని నామకరణం చేశారు. మన ఎన్టీఆర్, ఏయన్నార్ అభిమానులకి కూడా తట్టని ఆలోచన! 2024లో కొన్ని నెలలపాటు రిషి తెర మీద కనిపించకుండా పోయాడు. వసుధార ఒక్కతే ఎదురుచూస్తూ కూర్చుంది. వాళ్ళక్క అన్నం సరిగ్గా తినలేదట.

“అప్పుడు నేనే కలిపిన సార్ వాళ్ళిద్దర్నీ” అన్నాడు కుర్రాడు, నట్టు బిగించినంత తేలిగ్గా.

ఎలా కలిపావయ్యా అంటే చూపించాడు. పాత ఎపిసోడ్లలో రిషి ఫోను మాట్లాడే ముక్కలన్నీ ఏరుకున్నాడు. కొత్త ఎపిసోడ్లలో వసుధార ఫోను పట్టుకున్న ముక్కలు ఏరుకున్నాడు. మాటలు తీసేసి, వెనక పాట వేసి, అటొకటి ఇటొకటి అతికించాడు. అంతే, అతను ఎక్కడినుంచో ఫోను చేశాడు, ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుని నవ్వింది! “ఫోను సీన్లుంటే బతికినట్టే సార్. బట్టలు మారినా తెల్వది, ఊరు మారినా తెల్వది. ఎదురుబొదురు నిలబెట్టాల్నంటెనే కష్టం. ఒకరు ఎడమకి చూస్తె ఇంకొకరు కుడికి చూడాలె. వెలుతురు కలవాలె. రెండు సెకండ్ల ముక్క కోసం నలభై ఎపిసోడ్లు ఎతికిన.”

వందేళ్ళ కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒకే నటుడి ముఖాన్ని సూప్ గిన్నె పక్కన ఒకసారి, శవపేటిక పక్కన ఒకసారి అతికించి చూపిస్తే, జనం ఆకలి ఎంత బాగా నటించాడు, దుఃఖం ఎంత బాగా నటించాడు అని మెచ్చుకున్నారట. ముఖం అదే! ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లలో పాఠంగా చెప్పే ఈ సంగతి మన సీతాఫల్‌మండి కుర్రాడు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి సొంతంగా కనిపెట్టుకున్నాడు. కులెషోవ్ పేరు చెబితే “కొరియానా సార్?” అన్నాడు. అతని తప్పు కాదు. కొరియా సీరియళ్ళ బొమ్మలకి తెలుగు సినిమా పాటలు అతికించే ‘కొరియన్ మిక్స్’ వీడియోలు కూడా అతని చేతిలో ఉన్నాయి. సియోల్ వీధిలో మంచు కురుస్తుంటే మన పల్లె పాట వస్తుంది. ఆశ్చర్యం ఏమంటే, అతుకుతుంది!

ఈ ముచ్చట వెనక ఒక దెబ్బ కూడా ఉంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లని నిషేధించింది. కారణాలు పెద్దవాళ్ళ కారణాలు, వాటి జోలికి నేను పోను. అప్పటికి ఇంటర్ చదివే ఈ కుర్రాడి రెండేళ్ళ కష్టం అక్కడే ఉండిపోయింది. ఫోనులో జాగా లేక వేటికీ నకలు ఉంచుకోలేదు. “ఇల్లు కూలినట్టయింది సార్. ఎవరికి చెప్తం? ఇంట్ల చెప్తె, మంచిగైంది చదువుకో అన్నరు” అన్నాడు. ఇప్పుడు ఇంకోచోట పెడుతున్నాడు. అక్కడా యంత్రం పాటని పసిగట్టి నోరు నొక్కేస్తోంది. దానికీ విరుగుడు కనిపెట్టారు అక్కా తమ్ముళ్ళు. ఆవిడ ఆ పాటని కూనిరాగం తీస్తుంది, ఇతను రికార్డు చేసి వేస్తాడు. యంత్రం ఏమారిందట! ఆ గొంతు సినిమా గొంతు కాదు, వెనక కుక్కరు ఈల కూడా వినిపిస్తుంది. కానీ నిజం చెప్పనా, నాకు అసలు పాట కన్నా అదే నచ్చింది.

ఇది దొంగతనం కాదా అని మీరడగొచ్చు. మన కాపీరైట్ చట్టం వయసు కూడా ‘మాయాబజార్’ వయసే, 1957. అందులో 52వ సెక్షన్ సొంతానికి వాడుకోవడానికీ, విమర్శకీ, సమీక్షకీ కొంత వెసులుబాటు ఇచ్చింది. నలుగురి ముందూ పెట్టే ఇలాంటి అతుకుల బొమ్మల సంగతి మాత్రం పేరు పెట్టి తేల్చలేదు. నేను గమనించినంతలో కంపెనీలవారికి ఇవి ఉచిత ప్రచారంగా పనికొచ్చినన్నాళ్ళూ కళ్ళు మూసుకుంటారు, ఇబ్బంది అనిపించిన రోజున తీసేస్తారు. కుర్రాడు పైసా సంపాదించలేదు. పైగా వాటిని చూసి సీరియల్ మొదటినుంచీ చూడ్డం మొదలెట్టినవాళ్ళు ఆ గల్లీలోనే ఉన్నారు.

అన్నీ బంగారం అని కూడా నేననను. ఈ సరుకులో చెత్త బోలెడు. హీరోయిన్‌ని హీరో చెంపదెబ్బ కొట్టిన ముక్కని స్లోమోషన్లో పెట్టి ప్రేమపాట వేసేవాళ్ళున్నారు. తెర మీద జంటని నిజజీవితంలో కూడా పెళ్ళి చేసేసి, ఆ నటీనటుల ఇంట్లోవాళ్ళని ఇబ్బంది పెట్టేవాళ్ళున్నారు. పాత్రతో ఆడుకోండి బాబూ, మనుషులతో వద్దు.

ఇక వంటలక్క దగ్గరికి వద్దాం. స్టేషన్ వెనక సన్నటి సందు. ఒకే గది, ముందు కుట్టుమిషను, గోడకి వేలాడుతూ పూర్తయిన జాకెట్లు. ఆవిడకి నలభై లోపే ఉంటుంది. మిషను సొరుగులో మీటర్ టేపు, చాక్‌పీసులు, వాటి కింద రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్. అందులో ఉంది ఆవిడ సొంత ‘కార్తీకదీపం’.

అసలు కథ మీకు తెలిసిందే. డాక్టర్‌బాబు కార్తీక్ పెళ్ళాం దీపని అనుమానిస్తాడు. మోనిత చెప్పిన అబద్ధం నమ్మి, పుట్టిన పిల్లలు తనవాళ్ళు కాదంటాడు. దీప వంటలు చేసుకుని బతుకుతూ, అతను నమ్మే రోజు కోసం ఏళ్ళూ పూళ్ళూ ఎదురుచూస్తుంది.

“నాకు గది నచ్చలె సార్” అందావిడ. “గా టెస్టేదో తనే చేయించుకొని, కాయితం మొగుని చేతుల పెట్టి, నీ నమ్మకం నువ్వే ఉంచుకో అని పోవచ్చు గదా. అన్ని ఏండ్లు ఏడుస్తదా ఎవరన్న?”

ఆవిడ పుస్తకంలో మూడో అధ్యాయానికే టెస్టు అయిపోయింది. దీప మెట్టుగూడలో కర్రీ పాయింట్ పెట్టింది. అక్కడికి రైల్వే ఉద్యోగులు వస్తారు. డాక్టర్‌బాబు కూడా వస్తాడు, లైన్లో నిలబడతాడు. దీప అందరికీ ఇచ్చినట్టే ఇస్తుంది, చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇస్తుంది. 2022లో టీవీవాళ్ళు దీపనీ కార్తీక్‌నీ ప్రమాదంలో చంపేసి, జనం గోల పెడితే అదే ఏడాది మళ్ళీ బతికించారు చూడండి, ఆ నెలల్లో కూడా సీతాఫల్‌మండి దీప గరిటె దించలేదు. కానన్ డాయిల్ 1893లో చంపేసిన షెర్లాక్ హోమ్స్ బతికి తిరిగి రావడానికి 1903 దాకా ఆగాల్సి వచ్చింది పాపం ఆ పాఠకులు. వాళ్ళకి ఇలాంటి ఒక టైలరమ్మ ఉండుంటే సరిపోయేది! ఆ మాటకొస్తే 2024లో టీవీవాళ్ళే ఆ జంటనే పెట్టి, అవే పేర్లతో, పూర్తిగా వేరే కథ మొదలుపెట్టారు. ఆవిడకి ఆశ్చర్యం వేయలేదు. “నేను ఎప్పుడో చేసిన” అంది.

ఆ పుస్తకం ఎవరు చదువుతారని అడిగాను. చదివేవాళ్ళు తక్కువ, వినేవాళ్ళు ఎక్కువ. రాసింది ఫోనులో చదివి వాట్సాప్‌లో గల్లీ ఆడవాళ్ళకి పంపుతుంది. ఎందుకంటే వాళ్ళత్తకి చదువు రాదు. ముసలావిడ గడప దగ్గర కూర్చుని కొత్తిమీర కాడలు తుంచుతోంది. టీవీ దీప మంచిదా, కోడలి దీప మంచిదా అని అడిగితే, “టీవీల దానికి బుద్ధి తక్కువ” అని తేల్చేసింది.

ఈ కథలో ఇంకో మార్పు కూడా ఉంది. సీరియల్లో అత్త సౌందర్య మొదట్లో దీపని నల్లగా ఉందని ఈసడిస్తుంది, మనసు మార్చుకోవడానికి చాలా కాలం పడుతుంది. ఈ పుస్తకంలో మొదటి రోజే కొడుకుని గుమ్మంలో నిలబెట్టి, నా కోడలిని ఒక్క మాట అన్నావంటే నువ్వు బయటికి పో అంటుంది.

ఆ ముక్క ఎందుకు రాశారని అడిగాను. మిషను ఆగింది.

“మా ఆయన నాలుగేండ్లు నాతోని మాట్లాడలె సార్. ఎందుకని అడగకండి. ఇప్పుడు మంచిగనే ఉంటడు.” గొంతు తగ్గించింది. “అప్పుడు అత్తమ్మ ఏమనలె. అటు అనలె, ఇటు అనలె. నేను అది రాసి ఇనిపించినప్పుడు భయమైంది. గామె ఏం మాట్లాడలె. మల్ల పెట్టు అన్నది. రెండుసార్లు ఇన్నది. లేసి లోపలికి పోయి నాకు ఛాయ్ పెట్టి తెచ్చింది.”

“మీ కథే రాసుకున్నారన్నమాట” అన్నాను.

“నాది కాదు సార్, దీపది” అని మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది.

పెళ్ళిళ్ళ సీజను. గోడకున్న జాకెట్లు కాక, కింద మూటలో ఇంకో పాతిక దాకా ఉన్నాయి. గడప దగ్గర్నుంచి ముసలావిడ, కొత్తిమీర గిన్నె పక్కన పెట్టి, “ఇయ్యాల్టిది చెప్పినవా?” అంది. ఆదివారం దాకా లేదంది కోడలు. డాక్టర్‌బాబు లైన్లోనే నిలబడి ఉన్నాడు.