ఏ చెయ్యి లెగదు?

గాజువాక నుంచి సింధియా వెళ్ళే దారిలో మల్కాపురంలో దిగాను. సంచిలో అమ్మ జాకెట్లు ఆరున్నాయి. సందులో ఆ కుట్టుకొట్టు పది అడుగుల గది. దర్జీ అక్క మెడలో టేపు ఉంది గాని కొలతల మాటే ఎత్తలేదు.

“మీ అమ్మగారికి ఏ చెయ్యి లెగదు?”

ఠక్కున చెప్పలేకపోయాను. ఇంటికి ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది. కుడి చెయ్యి.

అక్క వాళ్ళ అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు మొదలైందట ఈ పని. పెళ్ళి జాకెట్లు పక్కనున్న పిల్ల కుడుతుంది, ముసలమ్మల బట్టలకు మాత్రం అక్కే కూర్చుంటుంది. జాకెట్టుకు ముందు అయిదారు హుక్కులు, ఒక్కోటి బియ్యపు గింజంత. రెండంచులూ దగ్గరికి లాగి, వేలికొసతో నొక్కి పట్టి, కాజాలోకి తొయ్యాలి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినవాళ్ళకు అదొక యుద్ధం. అందుకే లోపల వెల్క్రో ముక్కలు మూడు వేసి, పైన ఉత్తుత్తి హుక్కులు కుడుతుంది. “లేకపోతే నలుగురిలో బాగోదంటారమ్మా.”

ఉత్తరేణు గింజలు చీర కుచ్చిళ్ళకు పట్టుకుంటాయే, వెల్క్రోదీ అదే కిటుకు. ఇక్కడ సింధియా షిప్‌యార్డుకు పునాదిరాయి పడిన 1941లోనే, కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ళ కాయల్ని చూసి స్విస్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్‌కు ఆ ఆలోచన తట్టిందంటారు. ముళ్ళ పట్టీ ఒంటివైపు రాకూడదు. ఉతికేముందు మూసెయ్యాలి. మరిచిపోయిన ఒకావిడ వెంకటగిరి చీర పోగులు లేచిపోయాయట.

అమ్మ జాకెట్టుకు వేరే పద్ధతి. కుడి భుజం మెడ దగ్గర్నుంచి చేతి అంచు దాకా విప్పేసి టిచ్ బటన్లు, చంక కింద ఒక ముక్క. వేసుకునేటప్పుడు లేవని చెయ్యి ముందు, విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. ఆస్పత్రుల్లో నర్సులు చెప్పేదీ ఇదే. వెనక తెరుచుకునే జాకెట్టు కుట్టరా అని అడిగాను. “అది మంచం మీదున్నోళ్ళకి, ఇంకొకరు తొడిగేది. మీ అమ్మగారు తనే ఏసుకుంటారా, మీరేస్తారా?” విదేశీ కంపెనీలు అమ్మే ఇలాంటి బట్టల బొమ్మలు ఎన్నో చూశాను గాని, ఈ తేడా నాకక్కడ తట్టలేదు.

లంగా బొందు సంగతి ఇంకా కష్టం. ఏళ్ళ తరబడి బిగించి కట్టిన చోట నడుం నల్లగా కాయ కాస్తుంది, ఒక్కోసారి పుండు పడుతుంది. ఎలాస్టిక్ వేస్తే చీర బరువుకు జారుతుంది. రెండంగుళాల వెడల్పు పట్టీ కుట్టి పక్కన పెద్ద కొక్కెం పెడుతుంది అక్క.

మా మామ్మ కాలంలో ముడి రవికలుండేవి, ముందు రెండు కొసలూ ముడేసుకుంటే సరి, ఈ తంటా లేదు అన్నాను, కాస్త గొప్పగానే. అక్క నవ్వింది. “ముడికి మాత్రం రెండు చేతులక్కర్లేదా అమ్మా?”

ఇంతలో ఒక మామ్మ వచ్చింది. వెంటొచ్చిన కోడలు సాయానికి లేస్తే కూర్చోమని, ఒక్కర్తే తెర వెనక్కి వెళ్ళింది. చాలాసేపటికి చర్రుమని చప్పుడు. మళ్ళీ చర్రుమని. పైట సర్దుకుంటూ బయటికొచ్చింది.

“ఏటే ఈ చప్పుడు, ఊరంతా ఇనబడతంది.”

“టిచ్ బటన్లు ఏసిమ్మంటావా మామ్మా?”

“ఒద్దులే, ఉండనీ,” అని కోడలు చేతిలోని పాత జాకెట్టు తీసుకుని అక్క బల్ల మీద పడేసింది. “దీనికీ ఎయ్యి.”